బోండంలో నీళ్లు ఎవరు పోశారు? ప్రీస్కూల్ పిల్లల ‘ప్రాజెక్టు’ అంటే అసలు అర్థం ఇదీ

రాత్రి పది దాటింది. మీ ఎల్‌కేజీ పాప ఎప్పుడో నిద్రపోయింది. మీరు మాత్రం థర్మకోల్ షీటు, గమ్ము, రంగు కాగితాలు ముందేసుకుని సౌర కుటుంబం తయారు చేస్తున్నారు. ‘రేపు ప్రాజెక్టు పంపించండి’ అని సాయంత్రం స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది మరి. పొద్దున పాప దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని వెళ్తుంది. టీచర్ ఫొటో తీసి గ్రూపులో పెడతారు. శని గ్రహం చుట్టూ ఆ రింగు ఏమిటని ఎవరైనా అడిగితే, ‘అది నాన్న అతికించాడు’ అంటుంది.

ఇందులో పాప నేర్చుకున్నది ఏమిటి?

చిన్నపిల్లల చదువు గురించి పనిచేసేవాళ్లు ‘ప్రాజెక్టు’ అనే మాటను వాడేది ఈ అర్థంలో కాదు. వాళ్ల దృష్టిలో ప్రాజెక్టు అంటే పిల్లలు తమకు వచ్చిన ఒక సందేహం వెంట పడి, కొన్ని రోజులో కొన్ని వారాలో చూసి, తాకి, అడిగి, లెక్కపెట్టి, బొమ్మ గీసి, జవాబు వెతుక్కోవడం. ఈ పద్ధతికి ఖరీదైన స్కూలు అక్కర్లేదు. మీ వీధిలోని అంగన్‌వాడీలో పిల్లలకు ఉచితంగా అందాల్సిన చదువు కూడా ఇలాగే ఉండాలని మన జాతీయ విద్యా విధానం చెబుతోంది. మరి ఎందుకు జరగడం లేదు? మీ పిల్లల విషయంలో మీరు ఏం అడగొచ్చు? చూద్దాం.

క్లుప్తంగా చెప్పాలంటే:

- ప్రాజెక్టు పిల్లల ప్రశ్నతో మొదలవ్వాలి. చివర్లో చూడాల్సింది తయారైన వస్తువును కాదు, పిల్లలు తెలుసుకున్నదాన్ని.
- 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు, పరీక్షలు వద్దని జాతీయ పాఠ్య ప్రణాళిక చెబుతోంది.
- అంగన్‌వాడీ ప్రీస్కూల్ ఉచితం. ఆదాయంతో సంబంధం లేకుండా ఎవరి పిల్లలనైనా చేర్చవచ్చు.
- ఈ పద్ధతికి అడ్డు వచ్చేది డబ్బు కాదు. టీచర్‌కు సమయం లేకపోవడం, ‘ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు’ అన్న తల్లిదండ్రుల తొందర.

నాలుగేళ్ల పిల్లలు ప్రాజెక్టు ఎలా చేస్తారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంగన్‌వాడీ ఎదురుగా కొబ్బరి బోండాల బండి ఉందనుకోండి. పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు. ఒకరోజు ఒక పిల్లాడు అడిగాడు: ‘టీచర్, బోండంలో నీళ్లు ఎవరు పోశారు?’

ఇక్కడ టీచర్ ముందు రెండు దారులు ఉంటాయి. ‘ఎవరూ పోయరు నాన్నా, చెట్టులోనే వస్తాయి’ అని చెప్పి ముగించవచ్చు. లేదా ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని తిరిగి అడగవచ్చు. రెండో దారి ఎంచుకుంటే ప్రాజెక్టు మొదలైనట్టే.

మొదటి దశ: పిల్లలు తమకు తెలిసింది, తాము అనుకుంటున్నది చెబుతారు. ‘తాత సూదితో పోస్తాడు’ అని ఒకరు, ‘వాన నీళ్లు లోపలికి పోతాయి’ అని ఇంకొకరు అనవచ్చు. టీచర్ దేన్నీ తప్పు అనరు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే ఒక చార్టు మీద రాస్తారు. పిల్లలకు చదవడం రాకపోయినా తమ మాట అక్షరాలుగా మారడం చూస్తారు. రాత అంటే ఏమిటో, ఎందుకో అర్థమయ్యేది అక్కడే. తర్వాత ప్రశ్నల జాబితా తయారవుతుంది. నీళ్లు లోపలికి ఎలా వెళ్లాయి? బోండానికి కన్నం ఉందా? పచ్చ బోండంలో ఎక్కువ నీళ్లా, ఇంట్లో పచ్చడికి తెచ్చిన కొబ్బరికాయలో ఎక్కువ నీళ్లా? ఇన్ని బోండాలు ఎక్కడి నుంచి వస్తాయి?

రెండో దశ: వెతకడం. ఆయా తోడుగా పిల్లలు రోడ్డు దాటి బండి దగ్గరికి వెళ్తారు. కత్తికి దూరంగా నిలబడి, తాము అనుకున్న ప్రశ్నలు తాతను అడుగుతారు. లోడు కోనసీమ నుంచి వచ్చిందో, కర్ణాటక నుంచి వచ్చిందో ఆయనే చెబుతాడు. ఒక బోండం, ఒక ముదురు కాయ కొని తెస్తారు. బయట ఎక్కడైనా కన్నం ఉందేమో పిల్లలు వేళ్లతో తడిమి వెతుకుతారు. టీచర్ రెండింటినీ కొట్టి నీళ్లను ఒకే రకం గ్లాసుల్లో పోస్తారు. ఎందులో ఎన్ని గ్లాసులు వచ్చాయో పిల్లలు లెక్కపెడతారు. లేత కొబ్బరిని, ముదురు కొబ్బరిని నమిలి తేడా చెబుతారు. ఇంకో బోండాన్ని నీళ్ల టబ్బులో వేస్తారు. మునుగుతుందని చాలామంది పందెం కడతారు. తేలుతుంది. ‘ఇంత బరువుంది కదా, ఎలా తేలింది?’ అని కొత్త ప్రశ్న పుడుతుంది. పీచు లాగి చూస్తారు. చూసింది చూసినట్టు బొమ్మ గీస్తారు. మొదటి రోజు గీసిన బోండం ఒట్టి సున్నా. వారం తర్వాత గీసిన బొమ్మలో పీచు ఉంటుంది, చిప్ప ఉంటుంది, లోపల తెల్లటి పొర ఉంటుంది.

చెట్టు వేళ్లు పీల్చిన నీరే కాయ దాకా వస్తుందని, కాయ ముదిరేకొద్దీ లోపల తెల్లటి కొబ్బరి పట్టి నీళ్లు తగ్గుతాయని టీచర్ ఈ దశలోనే చెబుతారు. కాబట్టి టీచర్ ఏమీ చెప్పకుండా ఊరుకోవడం ఈ పద్ధతి కాదు. పిల్లలు చూసి, ఊహించి, జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు చెప్పడం ఈ పద్ధతి.

మూడో దశ: పంచుకోవడం. పిల్లలు తరగతి మూలలో తమదైన బోండాల బండి పెడతారు. కాగితం నోట్లతో అమ్ముతారు, కొంటారు. బొమ్మలు గోడకు అంటిస్తారు. తల్లిదండ్రులు వచ్చిన రోజు ఏం తెలుసుకున్నారో చెబుతారు. మొదటి రోజు చార్టు తీసి చూపిస్తే, ‘తాత సూదితో పోస్తాడు’ అన్న పిల్లాడే ముందుగా నవ్వుతాడు. తను ఒకప్పుడు ఒకటి అనుకున్నాడు, చూసి మార్చుకున్నాడు. ఈ మూడు వారాల్లో వాడికి దక్కిన పెద్ద పాఠం అదే.

ఇందులో లెక్క ఉంది, సైన్సు ఉంది, భాష ఉంది. ఖర్చు మూడు బోండాలు, ఒక కొబ్బరికాయ.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగాత్మక పాఠశాల పెట్టారు. అక్కడ పిల్లలు వంట, నేత, వడ్రంగం చేస్తూ చదువుకునేవారు. ఆయన ఆలోచనల బాటలోనే విలియం కిల్‌పాట్రిక్ 1918లో ‘ప్రాజెక్టు పద్ధతి’ని వివరిస్తూ వ్యాసం రాశారు. ప్రీస్కూల్ పిల్లలకు తగినట్టు దీన్ని మూడు దశలుగా మలిచింది లిలియన్ కాట్జ్, సిల్వియా చార్డ్. వీళ్ల పుస్తకం 1989లో వచ్చింది. పిల్లలు స్వయంగా వెళ్లి చూడగలిగిన విషయమే ప్రాజెక్టుకు పనికొస్తుందన్నది వీళ్ల ముఖ్యమైన నియమం. అందుకే నాలుగేళ్ల పిల్లలకు సౌర కుటుంబం కన్నా బోండాల బండి మంచి ప్రాజెక్టు.

ఇటలీలోని రెజియో ఎమీలియా పట్టణం కథ ఇంకా ఆసక్తికరం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, ఆ పట్టణం పక్కన ఉన్న విల్లా చెల్లా అనే ఊళ్లో జనం ఒక పని చేశారు. జర్మన్ సైన్యం వదిలేసి పోయిన ఒక యుద్ధ ట్యాంకును, కొన్ని ట్రక్కులను, గుర్రాలను అమ్మేసి, ఆ డబ్బుతో తమ చేతులతోనే పిల్లల బడి కట్టుకున్నారు. లోరిస్ మలగూజి అనే ఉపాధ్యాయుడు అది విని సైకిల్ మీద వెళ్లి చూసి, వాళ్లతో కలిశారు. 1963లో రెజియో ఎమీలియా పురపాలక సంఘం తన మొదటి ప్రీస్కూల్ తెరిచింది. ఇవాళ మన నగరాల్లో కొన్ని ప్రైవేటు స్కూళ్లు ‘రెజియో పద్ధతి’ అని బోర్డు పెట్టుకుని భారీ ఫీజులు తీసుకుంటున్నాయి. అది పుట్టింది మాత్రం మునిసిపల్ బడిలో.

మన దేశంలోనూ దీనికి సొంత మూలాలున్నాయి. గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిర్ ప్రారంభించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్రలోని కోస్బాడ్ ఆదివాసీ ప్రాంతంలో పిల్లల బడులు నడిపారు. గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు, ఊళ్లో దొరికే ఇలాంటి వాటితోనే చదువు చెప్పారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల ముంగిట్లోకి తీసుకెళ్లారు. ‘అంగన్‌వాడీ’ అనే మాట ఆ కృషిలోంచి వచ్చిందే. అంగణం అంటే ముంగిలి.

నిజంగా పనిచేస్తుందా? పరిశోధనలు ఏమంటున్నాయి?

ముందు ఒక చిన్న ప్రయోగం గురించి చెప్పుకుందాం. ఎలిజబెత్ బోనవిట్జ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధన ఇది. నాలుగైదేళ్ల పిల్లలకు ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. అందులో నాలుగు రహస్యాలు ఉన్నాయి. ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట దీపం వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒకచోట అద్దం దాగి ఉంది. కొంతమంది పిల్లలకు ‘ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూడండి’ అంటూ కీచుమనే శబ్దం ఒక్కటే నేర్పించారు. మరికొందరికి ఏమీ నేర్పకుండా ఇచ్చారు. నేర్పించిన పిల్లలు ఆ ఒక్కదానితోనే ఎక్కువగా ఆడారు. నేర్పించని పిల్లలు మిగతా రహస్యాలనూ ఎక్కువగా కనిపెట్టారు. పెద్దవాళ్లు చూపించేశారు కాబట్టి అందులో ఇంకేమీ లేదని పిల్లలు అనుకుంటారు. నేర్పితే పిల్లలు త్వరగా నేర్చుకుంటారన్నది నిజమే. అయితే వెతకడం కూడా అంతే త్వరగా ఆపేస్తారు.

ఇక మన దగ్గరి పరిస్థితి. అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో దాదాపు 14 వేల మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా గమనించిన పెద్ద అధ్యయనం నివేదిక 2017లో వెలువడింది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ దీన్ని చేశాయి. బడికి వెళ్లే వయసు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో అందుకు కావలసిన సంసిద్ధత లేదని అందులో తేలింది. ప్రైవేటు ప్రీస్కూళ్లు ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చదవడం, రాయడం రుద్దుతుంటే, అంగన్‌వాడీల్లో చదువు పేరుకు మాత్రమే సాగుతోందని అధ్యయనం చెప్పింది. పిల్లల వయసుకు తగిన ఆటలు, పనులు ఉన్న చోట మాత్రం ఫలితం మెరుగ్గా కనిపించింది. అంటే ‘ప్రైవేటా, ప్రభుత్వమా’ అన్న ప్రశ్న కన్నా, ‘అక్కడ రోజంతా ఏం చేయిస్తున్నారు’ అన్న ప్రశ్న ముఖ్యం.

మరోవైపు, ఆట ఒక్కటే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఢిల్లీలోని ప్రీస్కూళ్లలో 1,540 మంది పిల్లలతో గణితం ఆటలు ఆడించి చేసిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఆ పరిశోధకుల్లో నోబెల్ గ్రహీత ఎస్తేర్ డఫ్లో ఒకరు. ఆటల వల్ల ఎక్కువ తక్కువలు పోల్చడం, ఆకారాలు గుర్తించడం వంటి సహజ నైపుణ్యాలు పిల్లల్లో పెరిగి, చాలా నెలల తర్వాత కూడా నిలిచాయి. కానీ ఒకటో తరగతిలో చెప్పే లెక్కల్లో ఆ పిల్లలు ముందంజలో లేరు. ఆటలో తెలుసుకున్నదాన్ని అంకెలతో, అక్షరాలతో కలిపే పని ఎవరో ఒకరు చేయాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. బోండాల ప్రాజెక్టులో గ్లాసులు లెక్కపెట్టాక ‘3’ అని పక్కన రాసి చూపించే టీచర్ చేసేది ఆ పనే.

ప్రభుత్వ నిబంధనలు ఏం చెబుతున్నాయి?

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా చూస్తుంది. ఈ వయసు చదువు ఆటల ద్వారా, పనుల ద్వారా, పిల్లల అన్వేషణ ద్వారా సాగాలని స్పష్టంగా పేర్కొంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని కూడా ఆ పత్రం చెబుతోంది.

దీని ఆధారంగా 2022 అక్టోబరులో పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం విడుదలైంది. అందులో తల్లిదండ్రులకు పనికొచ్చే మూడు అంశాలు ఇవి:

- 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు నిర్దేశిత పాఠ్యపుస్తకాలు ఉండకూడదు.
- రెండో తరగతి వరకు పరీక్షలు పెట్టడం తగదు. పిల్లలను గమనించడం, వాళ్లు చేసిన పనిని చూడడం ద్వారానే అంచనా వేయాలి.
- బోధన వీలైనంత వరకు ఇంటి భాషలో జరగాలి.

ఈ మూడోది చిన్న విషయం కాదు. ‘బోండంలో నీళ్లు ఎవరు పోశారు?’ అన్న ప్రశ్న ఆ పిల్లాడికి తెలుగులో తట్టింది. తరగతిలో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలంటే వాడు ఆ ప్రశ్న అడగడు. మాటలు రాక ఊరుకుంటాడు. అలాగే నగరాల్లోని అంగన్‌వాడీలకు ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్ల పిల్లలూ వస్తుంటారు. వాళ్ల ప్రశ్న వాళ్ల భాషలో వినే ఓపిక కూడా ఇందులో భాగమే.

అంగన్‌వాడీలకు సంబంధించి కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 మే నెలలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం ప్రారంభించింది. పోషణతో పాటు చదువూ అన్నది దాని అర్థం. రోజుకు కనీసం రెండు గంటలు నాణ్యమైన ప్రీస్కూల్ బోధన ఉండాలన్నది లక్ష్యం. 2024లో 3-6 ఏళ్ల పిల్లల కోసం ‘ఆధార్‌శిల’ అనే జాతీయ పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇవన్నీ విధానాలు, మార్గదర్శకాలు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉన్నట్టు ప్రీస్కూల్ చదువుకు చట్టబద్ధమైన హక్కు లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్, మూడేళ్లు నిండిన పిల్లలకు ఉచిత ప్రీస్కూల్ ఏర్పాట్లు ప్రభుత్వం ‘చేయవచ్చు’ అంటుందే తప్ప ‘చేయాలి’ అనదు. ఆహారం సంగతి వేరు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో భోజనం హక్కు. గుడ్డు రాకపోతే తల్లులు నిలదీసినట్టు చదువు గురించి ఎవరూ నిలదీయకపోవడానికి ఈ తేడా కూడా ఒక కారణం కావచ్చు.

మరి ఎందుకు జరగడం లేదు?

సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఈ పథకంలో ‘ప్రాజెక్టు’ అంటే ఒక అధికారి పరిధిలోని ప్రాంతం అన్నమాట. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి.

ఒక్కో కేంద్రంలో సాధారణంగా ఒక టీచర్, ఒక ఆయా ఉంటారు. గర్భిణుల వివరాలు, పిల్లల బరువులు, ఎత్తులు, ఇంటికిచ్చే సరుకుల పంపిణీ, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, రిజిస్టర్లు, ఇళ్ల సందర్శన, మధ్యమధ్య సర్వేలు, ఓటరు జాబితా పనులు... ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయమే పిల్లలకు. బోండాల బండి దాకా పిల్లలను నడిపించి తీసుకెళ్లాలంటే ఇద్దరు పెద్దవాళ్లు ఓ గంట ఖాళీగా ఉండాలి. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది సాకు కాదనడానికి తమిళనాడులో చేసిన ప్రయోగమే సాక్ష్యం. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 320 కేంద్రాలపై అధ్యయనం చేశారు. కొన్ని కేంద్రాల్లో ప్రీస్కూల్ చదువు కోసమే సగం రోజు పనిచేసే మరో కార్యకర్తను నియమించారు. ఆ కేంద్రాల్లో బోధన సమయం రెట్టింపైంది. పిల్లల గణితం, భాష స్కోర్లు పెరిగాయి. పాత కార్యకర్తకు పోషణ మీద పెట్టడానికి సమయం చిక్కడంతో, కేంద్రాల్లో కొనసాగిన పిల్లల్లో పోషకాహార లోపమూ తగ్గింది.

రెండో కారణం మనమే. మూడేళ్ల పిల్లాడు ఏబీసీడీలు రాసిన నోటుబుక్ ఇంటికి తెస్తే చదువు సాగుతున్నట్టు. పీచు చేతికి అంటించుకుని వస్తే ఆటలాడించి పంపినట్టు. ఈ లెక్క మారనంత కాలం ప్రైవేటు స్కూలు నోటుబుక్కులే నింపిస్తుంది. పిల్లలు తగ్గిపోతున్నారని దిగులుపడే అంగన్‌వాడీ టీచర్ కూడా దాన్నే అనుకరిస్తారు. మూడు నాలుగేళ్ల పిల్లల వేళ్లు సన్నటి పెన్సిల్‌ను ఎక్కువసేపు పట్టుకుని రాయడానికి ఇంకా సిద్ధంగా ఉండవు. పీచు లాగడం, మట్టి పిసకడం, పూసలు గుచ్చడం లాంటి పనులే ఆ వేళ్లను రాతకు సిద్ధం చేస్తాయి.

స్కూలుకో, అంగన్‌వాడీకో వెళ్లినప్పుడు ఏం చూడాలి?

చేర్చే ముందు ఒక గంట అక్కడ కూర్చోగలిగితే చాలా తెలుస్తుంది. వీటిని గమనించండి:

- గోడ మీద ఏముంది? ముప్పై మంది గీసిన ముప్పై ఆపిల్ పండ్లూ ఒకేలా ఉంటే, అవి టీచర్ గీయించినవి. ఒక్కొక్కటి ఒక్కోలా, కాస్త వంకరగా ఉంటే అవి పిల్లలవి.
- బొమ్మలు, వస్తువులు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, బీరువా మీద కవర్లో భద్రంగా ఉన్నాయా?
- ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు? అందరూ కలిసి పాడే పాటలు కాకుండా, ఒక్కో పిల్లాడు సొంతంగా ఏమైనా చెప్పే అవకాశం వస్తోందా?
- పిల్లలు అడిగినదానికి టీచర్ ఏం చేస్తున్నారు? విన్నారా, ‘కూర్చో’ అన్నారా?

టీచర్‌ను ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- ఈ నెలలో పిల్లలు ఏ విషయం గురించి తెలుసుకుంటున్నారు? అది ఎలా మొదలైంది?
- పిల్లలను బయటికి ఎప్పుడు తీసుకెళ్లారు? ఏం చూశారు?
- మా పాప ఎదుగుదలను పరీక్ష లేకుండా ఎలా నమోదు చేస్తున్నారు?

ఇంట్లో తయారు చేసి పంపే ‘ప్రాజెక్టులు’ ఎన్ని ఉంటాయో కూడా అడగండి. ‘నెలకు ఒకటి’ అంటే, పిల్లలు చేయగలిగినదే పంపుతామని మర్యాదగా ముందే చెప్పేయండి. ఇంకో నలుగురు తల్లిదండ్రులు తోడైతే ఆ మాటకు బలం వస్తుంది.

అంగన్‌వాడీలో చేర్చాలంటే?

మీ వార్డులోని కేంద్రానికి నేరుగా వెళ్లి టీచర్‌ను కలిస్తే చాలు. ఎక్కడుందో తెలియకపోతే మీ ప్రాంత ఆశా కార్యకర్తను గానీ, దగ్గరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో గానీ అడగండి. పేదలకు మాత్రమే అన్న నిబంధన ఏదీ లేదు. ఈ సేవలు పిల్లలందరికీ అందాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది.

నెలకోసారి అంగన్‌వాడీల్లో ‘ఈసీసీఈ డే’ జరపాలి. తల్లిదండ్రులను పిలిచి పిల్లలు ఏం నేర్చుకున్నారో చూపించే రోజది. తేదీ కనుక్కుని వెళ్లండి. వీలైతే ఏదైనా చేతపట్టుకుని వెళ్లండి. మీరు టైలర్ అయితే కొలత టేపు, గుడ్డ ముక్కలు. ఎలక్ట్రీషియన్ అయితే పాత స్విచ్చు. డెలివరీ పని చేస్తుంటే ఖాళీ అట్టపెట్టెలు. పిల్లలు మిమ్మల్ని ప్రశ్నలు అడగనివ్వండి. టీచర్‌కు దొరకని ఆ ఒక్క గంట మీరు ఇవ్వగలిగితే, పిల్లలకు అంతకన్నా మంచి కానుక లేదు.

కేంద్రం సమయానికి తెరవకపోయినా, ప్రీస్కూల్ కార్యక్రమాలు అసలే జరగకపోయినా ముందు టీచర్‌తో మాట్లాడండి. అప్పటికీ మారకపోతే ఆ సెక్టారు సూపర్‌వైజర్‌కు, ఆపైన ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీవోకు రాతపూర్వకంగా తెలపండి. జిల్లా కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి, లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. ఫిర్యాదు టీచర్ మీద కాకుండా పరిస్థితి మీద ఉంటే మేలు. ‘ఆయా పోస్టు ఖాళీగా ఉంది, భర్తీ చేయండి’ అని రాస్తే టీచర్ కూడా మీ వైపే ఉంటారు.

ఇంట్లో మీరు చేయగలిగింది?

ఇంటిని బడిగా మార్చనక్కర్లేదు. పిల్లలు ‘ఎందుకు’ అని అడిగినప్పుడు ఫోన్‌లో వెతికి వెంటనే చెప్పేయకండి. ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని ఒక్కసారి అడగండి. ‘ఎలా కనుక్కుందాం?’ అని రెండోసారి అడగండి. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు పైపు ఎక్కడికి వెళ్తోందో వెంట నడిచి చూడనివ్వండి. లిఫ్టు తలుపు ఎలా మూసుకుంటుందో, ఇస్త్రీ బండి పెట్టెలో బొగ్గు ఎందుకు ఎర్రగా ఉందో కాస్త దూరంగా నిలబెట్టి చూపించండి. చూసింది గీయమనండి. వారం తర్వాత అదే మళ్లీ గీయమనండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రోగ్రెస్ కార్డు అక్కర్లేదు.

ఈసారి వాట్సాప్ గ్రూపులో ‘ప్రాజెక్టు పంపించండి’ అని వస్తే, థర్మకోల్ కొనడానికి వెళ్లే ముందు పాపను ఒకమాట అడగండి: ‘నీకేం తెలుసుకోవాలని ఉంది?’ తను చెప్పినదాన్ని తన మాటల్లోనే ఒక కాగితం మీద రాసి, తను గీసిన బొమ్మ జతచేసి పంపండి. మిగతా పిల్లల సౌర కుటుంబాల పక్కన అది కాస్త వెలవెలబోవచ్చు. కానీ దాని గురించి ఎవరైనా అడిగితే ‘నాన్న అతికించాడు’ అని మాత్రం పాప అనదు.